మంచు వదిలిన ఒడ్డు వెంబడి: అలాస్కా ఓడ ప్రయాణంపై ప్రసంగం

కాకినాడలో మా పఠన మందిరం నెలవారీ సమావేశంలో, వృక్షశాస్త్ర అధ్యాపకురాలిగా పనిచేసి రిటైరైన మా సభ్యురాలు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకి వినపడుతోందా? ఫ్యాను ఒక నంబరు తగ్గిస్తే మంచిదేమో. ఆ, ఇప్పుడు బావుంది.

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అమ్మా, మీరూ మేనేజరు గారూ అలాస్కాలో ఓడెక్కి తిరిగొచ్చారట కదా, ఆ ఫొటోలు తెర మీద వేసి ఓ గంట మాట్లాడండి" అన్నారు. ఫొటోలు వద్దులెండి అన్నాను. ఎందుకంటే ఫొటోలన్నీ మేనేజరు గారి దగ్గర, అదే మావారి ఫోన్లో ఉన్నాయి, వాటిలో సగం ఉత్త నీళ్లు. తిమింగలం లేచిందని అందరూ అరిచేవారు, ఈయన ఫోన్ ఎత్తేవారు, ఈలోపు అది మునిగిపోయేది. ఇదిగో, ముందు వరసలోనే ఉన్నారు. నవ్వుతున్నారు చూడండి.

ఇక్కడ పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. అబ్బో. సరే, అయితే మీకు తెలుసు. వెళ్లిన మొదటి నెల బాగానే ఉంటుంది. రెండో నెల నుంచి పిల్లలు ఆఫీసుకి, మనవలు బడికి, మనం కిటికీ దగ్గరికి. మా అమ్మాయి వాళ్లు సియాటెల్‌లో ఉంటారు. అక్కడి నుంచి అలాస్కా విమానంలో రెండున్నర గంటల దూరం. మా పెళ్లిరోజుకని అమ్మాయీ అల్లుడూ టికెట్లు కొనేశారు. ఖర్చు ఎంతయిందో మాకు చెప్పలేదు, మేమూ గట్టిగా అడగలేదు.

ముందు ఆ చోటు ఎక్కడుందో చెబుతాను. అమెరికా 1867లో రష్యా దగ్గర 72 లక్షల డాలర్లకి అలాస్కాని కొనుక్కుంది. పటంలో చూస్తే పైన పెద్ద భాగం ఉంటుంది, దాని కింద కెనడాని ఆనుకుని సముద్రం వెంబడి దిగే సన్నని ముక్క ఒకటి ఉంటుంది. అదే ఆగ్నేయ అలాస్కా. అక్కడ చూడబోతే అన్నీ దీవులే. ఆ దీవుల మధ్య నుంచి సాగే నీటి దారిని ఇన్‌సైడ్ పాసేజ్ అంటారు. దీవులు అడ్డం ఉండటం వల్ల పసిఫిక్ అలల ఊపు లోపలికి అంతగా రాదు. ఓడంటే వాంతులవుతాయేమో అని టెన్షన్ పడేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. మేం బయల్దేరిన జూనో ఆ రాష్ట్రానికి రాజధాని. రాజధాని అన్నాను, కానీ బయటి ఊళ్లకి రోడ్డు లేదు! విమానమైనా ఎక్కాలి, ఓడైనా ఎక్కాలి.

ఓడలు రెండు రకాలు. మూడు నాలుగు వేల మందిని ఎక్కించుకునే పెద్దవి, వందలోపు మందితో వెళ్లే చిన్నవి. పెద్ద ఓడలో అన్నీ ఉంటాయి. ఈతకొలను, నాటకాలు, రాత్రి పన్నెండింటికి కూడా తిండి. మాది చిన్న ఓడ. టీవీ లేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. గదిలో రెండు మంచాలు, గోడకి తగిలించిన రెండు బైనాక్యులర్లు, తలుపు పక్కన రెండు జతల గమ్ బూట్లు. అంతే. పొద్దున్నే రబ్బరు పడవల్లో ఒడ్డుకి తీసుకెళ్లి నడిపిస్తారు, సాయంత్రం డెక్ మీద నిలబెడతారు. శాకాహారం ముందే చెబితే వండిపెడతారు. పెరుగు కూడా దొరికింది. ఆవకాయ సంగతి అడగకండి, అది మేం పట్టుకెళ్లాం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అలాస్కా అనగానే అందరూ తిమింగలాలు, ఎలుగుబంట్లు, మంచుకొండలు అంటారు. అవన్నీ చూశాం, చెబుతాను. కానీ నేను మాట్లాడదామని వచ్చింది ఒడ్డు గురించి. ఓడలో కూర్చుని ఒడ్డుని చూడటం గురించి. ముప్పై ఏళ్లపాటు బి.ఎస్సీ. పిల్లలకి ఎకాలజీలో సక్సెషన్ అని ఒక పాఠం చెప్పాను. అనుక్రమం. బోడి రాతి మీద ముందు ఏం మొలుస్తుంది, తర్వాత ఏం వస్తుంది, చివరికి అడవి ఎలా అవుతుంది. ఆ పాఠంలో ఉదాహరణ ఎప్పుడూ ఒకటే, గ్లేసియర్ బే. బ్లాక్‌బోర్డు మీద సుద్దముక్కతో ఎన్నిసార్లు ఆ బొమ్మ వేశానో! ఆ బొమ్మలోకి ఓడ వేసుకుని వెళ్తానని ఎవరనుకున్నారు?

గ్లేసియర్ బే అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన ఒక పొడవాటి పాయ. సుమారు 100 కిలోమీటర్ల పొడవు. ఇప్పుడు వినండి. 1794లో వాంకూవర్ నాయకత్వంలో వచ్చిన బ్రిటిష్ నావికులు ఆ ప్రాంతాన్ని కొలిచినప్పుడు అక్కడ ఈ పాయ లేదు. ఉన్నదల్లా మంచుగోడ ముందు చిన్న ఒంపు. ఆ మంచు కొన్నిచోట్ల 4,000 అడుగుల మందం ఉండేది. 1879లో జాన్ మ్యూర్ అనే ప్రకృతి శాస్త్రవేత్త, అక్కడి మూలవాసులైన ట్లింగిట్ తెగవాళ్లు తెడ్డు వేస్తుండగా పడవలో వెళ్లేసరికి మంచు 60 కిలోమీటర్లకి పైగా వెనక్కి పోయి ఉంది. 1916 నాటికి ఇంచుమించు పాయ చివరిదాకా వెళ్లిపోయింది. 120 ఏళ్లలో 100 కిలోమీటర్లు! అంత మంచు కరిగి, అంత నేల బయటపడింది.

దీనివల్ల ఏమవుతుంది? పాయ మొదట్లో ఉన్న నేల మంచు వదిలి రెండు వందల ఏళ్లు దాటింది. పాయ చివరి నేల మంచు వదిలి కొద్దికాలమే అయింది. కాబట్టి ఓడ మొదటి నుంచి చివరికి వెళ్తుంటే మీరు కాలంలో వెనక్కి వెళ్తున్నారన్నమాట. పొద్దున్న కాఫీ తాగుతూ చూస్తే ఒడ్డున దట్టమైన స్ప్రూస్ అడవి, సూదుల్లాంటి ఆకుల చెట్లు. చెట్ల కింద చీకటి, కొమ్మల నిండా నాచు. భోజనాల వేళకి ఆ పెద్ద చెట్లు పలచబడి కాటన్‌వుడ్, విల్లో, ఆల్డర్ పొదలు మిగులుతాయి. ఇంకా ముందుకెళ్తే పొదలు కూడా పోయి నేలబారు మొక్కలు. ఆ తర్వాత రాయి. గీతలు పడ్డ ఉత్త రాయి. ఆ గీతలు మంచు తన అడుగున రాళ్లని ఈడ్చుకుపోతూ గీసినవి. "ఏవండీ, ఇక్కడ ఆల్డర్ మొదలైంది చూడండి" అని నేను, "అటు సీల్ ఉంది చూడవే" అని ఆయన. పక్కనున్న తెల్లాయన ఒకాయన మా ఇద్దర్నీ చూసి, ఏ వైపు చూడాలో తెలియక నవ్వేశాడు.

ఆల్డర్ గురించి ఒక్క నిమిషం. బోడి రాతిలో, కంకరలో నైట్రోజన్ దాదాపు ఉండదు. మరి మొక్క ఎలా బతుకుతుంది? మన వేరుశనగ, మినుము వేళ్లలో రైజోబియం చేసే పనిని ఆల్డర్ వేళ్లలో ఫ్రాంకియా అనే ఇంకో సూక్ష్మజీవి చేస్తుంది. గాలిలోని నైట్రోజన్‌ని పట్టి మట్టిలో పెడుతుంది. ఆకులు రాలి కుళ్లి నేల తయారవుతుంది. ఆ నేలలో స్ప్రూస్ గింజ పడి మొలుస్తుంది, ఎదిగి ఆల్డర్ మీద నీడ వేసి దాన్నే చంపేస్తుంది. అవునండీ, పెంచినదాన్నే చంపుతుంది. విలియం కూపర్ అనే ఎకాలజిస్టు 1916లో అక్కడికి వెళ్లి నేల మీద చిన్న చిన్న గడులు గుర్తుపెట్టి, ఏ ఏడు ఏం మొలిచిందో రాసుకున్నాడు. ఆ గడుల్ని ఈనాటికీ కొలుస్తున్నారు. ప్రతిచోటా ఒకే వరసలో జరగదని తర్వాత వచ్చినవాళ్లు చూపించారు. దగ్గర్లో పెద్ద చెట్లుంటే గింజ ముందే వచ్చిపడుతుంది, కొన్నిచోట్ల ఆల్డర్ దశ సరిగ్గా రానే రాదు. నేను పిల్లలకి చెప్పిన దానికంటే ఆ చోటు గజిబిజిగా ఉంటుందన్నమాట. 1925లో ఆ ప్రాంతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించడం వెనక కూపర్, ఆయన తోటి శాస్త్రవేత్తల పట్టుదల ఉంది. జాతీయ పార్కు అయింది 1980లో.

చివరికి మార్జరీ గ్లేసియర్, అంటే మార్జరీ అనే హిమానీనదం ముందు ఓడ ఆపారు. ఇంజను శబ్దం బాగా తగ్గించేశారు. గోడ నీటి మీద 250 అడుగుల ఎత్తు, వెడల్పు మైలు. రంగు నీలం. ఎందుకు నీలం? మంచులో గాలి బుడగలు నలిగిపోయి గట్టిపడ్డాక, వెలుగులోని ఎరుపుని అది మింగేస్తుంది, నీలమే బయటికి వస్తుంది. అందరూ గోడ విరిగిపడుతుందేమో అని ఎదురుచూస్తుంటారు. నేను మటుకు నీళ్లలో తేలుతున్న చిన్న ముక్కల్ని వింటున్నాను. అవును, వింటున్నాను! పోపులో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు. ఆ మంచులో ఎప్పుడో చిక్కుకుపోయిన గాలి, ముక్క కరుగుతుంటే బయటపడుతూ చేసే చప్పుడది. ఇంతలో ఎదురుగా గోడలోంచి ఒక మంచు పలక జారిపడింది. ముందు పడటం కనపడింది, ఆ తర్వాత చప్పుడు వినపడింది. దూరం అంత ఉంటుంది, మన కంటికి తెలియదు. పక్కన పోలిక పెట్టుకోవడానికి చెట్టూ ఇల్లూ ఏమీ ఉండవు కదా.

పక్కనున్న జాన్స్ హాప్కిన్స్ పాయలో సీల్ తల్లులు మంచు పలకల మీద పిల్లల్ని పెడతాయి. అందుకని మే, జూన్ నెలల్లో అటు ఏ ఓడనీ రానివ్వరు. పెద్ద ఓడలకి ఆగస్టు చివరిదాకా తలుపులు మూసే ఉంటాయి. గ్లేసియర్ బే మొత్తానికి రోజుకి రెండు పెద్ద ఓడలకే అనుమతి. మన దగ్గర ఎక్కడైనా ఇలా 'ఇవాళ్టికి ఇంతే' అని చెప్పి, చెప్పిన మాట మీద నిలబడ్డారా? నాకు తెలిసి తక్కువ.

ఇక తిమింగలాలు. మావారి కోసం. అక్కడ ఎక్కువగా కనపడేవి హంప్‌బ్యాక్ తిమింగలాలు. నలభై అడుగులు పైనే ఉంటాయి. చలికాలం వాటిలో ఎక్కువభాగం హవాయి వెళ్లి అక్కడ పిల్లల్ని కంటాయి. అక్కడున్నన్నాళ్లూ దాదాపు ఏమీ తినవు. వేసవిలో అలాస్కా వచ్చి, హెర్రింగ్ అనే చిన్న చేపల్నీ రొయ్యల జాతి జీవుల్నీ తింటూ కొవ్వు పట్టిస్తాయి. వేటాడే పద్ధతి ఒకటి చూశాం. నీటి మీద గుండ్రంగా బుడగలు లేచాయి. పైన గల్ అనే సముద్రపు పక్షులు గోల పెడుతూ ఆ గుండ్రం మీద తిరుగుతున్నాయి. తిమింగలాలు కింద తిరుగుతూ బుడగలతో చేపల చుట్టూ వల అల్లుతాయి. ఒకటి కింద నుంచి గట్టిగా కేక పెడుతుంది. చేపలు బెదిరి పైకి వస్తాయి. అన్నీ నోళ్లు తెరుచుకుని ఒక్కసారిగా నీళ్లలోంచి లేస్తాయి! నీళ్లలో మైకు దించి ఆ కేక మాకు వినిపించారు. చివర్లో సాగి సాగి సన్నబడి ఒక్కసారి ఆగిపోయింది. ఆగిన మరుక్షణం నోళ్లు. అప్పుడు మటుకు మావారు ఫోన్ ఎత్తడమే మర్చిపోయారు. ఆ ఒక్కటీ ఇద్దరం సరిగ్గా చూశాం.

తిమింగలం తోక అడుగున నలుపు తెలుపు మచ్చలుంటాయి. ఏ రెండింటికీ ఒకే రకంగా ఉండవు. ఆ మచ్చల ఫొటోల్ని బట్టి పరిశోధకులు ఒక్కోదాన్నీ ఏళ్ల తరబడి గుర్తుపడతారు. స్నో అనే ఆడ తిమింగలం అలాగే 1975 నుంచి వాళ్లకి తెలుసు. 2001 జూలైలో కడుపుతో ఉండగా, గ్లేసియర్ బే ముఖద్వారం దగ్గర ఒక క్రూయిజ్ ఓడ గుద్దుకుని చచ్చిపోయింది. దాని ఎముకలన్నీ శుభ్రం చేసి, కూర్చి, 2014లో గ్లేసియర్ బే మొదట్లోనే ఉన్న బార్ట్‌లెట్ కోవ్ ఒడ్డున నిలబెట్టారు. 45 అడుగుల అస్థిపంజరం. మా ఓడ అక్కడ ఆగింది. ఓడ దిగి నడుచుకుంటూ వెళ్లి ఓడ చంపినదాన్ని చూడాలి. నాకు కాసేపు మాట రాలేదు. మనం టికెట్ కొనుక్కునే వెళ్లాం కదా, మనమూ ఆ లెక్కలో ఉన్నట్టే. ఇప్పుడు తిమింగలాలు మేసే నీళ్లలో ఓడలకి వేగం హద్దు పెడుతున్నారు, హంప్‌బ్యాక్‌కి వంద గజాల లోపు వెళ్లకూడదని అలాస్కా అంతటా చట్టం ఉంది. మా కెప్టెన్ ఇంజను ఆపేసి కూర్చునేవాడు. మా దగ్గరికి రావాలనిపిస్తే అదే వచ్చేది.

ఆ అస్థిపంజరానికి కొంచెం దూరంలో ట్లింగిట్ వాళ్ల సామూహిక గృహం ఉంది, 2016లో కట్టారు. మంచు రాకముందు అక్కడ హూనా ట్లింగిట్ల ఊళ్లుండేవి. 1700ల మధ్యలో గ్లేసియర్ ముందుకి దూసుకొచ్చి వాళ్లని తరిమేసింది. మంచు పోయాక తిరిగి వేటకీ పళ్లకీ వస్తుంటే, రక్షిత ప్రాంతమని చెప్పి ఈసారి ప్రభుత్వం ఆపింది. వాళ్లు తరతరాలుగా ఏరుకునే గల్ పక్షి గుడ్లని మళ్లీ ఏరుకోవచ్చని చట్టం వచ్చింది 2014లో! అడవిని కాపాడటం అంటే అందులో ఉన్నవాళ్లని బయటికి పంపడమేనా అని మన పాపికొండలవైపు కూడా అడుగుతున్న ప్రశ్నే కదా ఇది.

అడవిలో నడక. చిచగాఫ్ దీవి మీద ఒక వాగు వెంబడి నడిచాం. అదంతా టోంగాస్ అరణ్యంలో భాగం. సుమారు 1 కోటి 70 లక్షల ఎకరాలు, అమెరికాలో అన్నిటికంటే పెద్ద జాతీయ అరణ్యం. చలిదేశపు వానడవి. నేల కనపడదు, అంతా నాచు. కాలు వేస్తే చీలమండ దాకా దిగుతుంది. ఒక మొక్క ఉంటుంది, డెవిల్స్ క్లబ్. ఆకులు ఇంతింత, కాడ నిండా ముళ్లు. పడబోతూ దాన్ని పట్టుకున్నారో, ఇక వారంపాటు ముళ్లు ఏరుకోవాలి. ఆ దీవి మీద నల్ల ఎలుగులు లేవు, అన్నీ గోధుమరంగువే. కాబట్టి నడిచేటప్పుడు పెద్దగా మాట్లాడుకుంటూ నడవాలి. ఎలుగుకి మనం వస్తున్నట్టు తెలియాలి. హఠాత్తుగా ఎదురుపడితేనే దానికి కోపం. ఎదురుపడినా పరిగెత్తకూడదు. గైడు మమ్మల్ని "మీ భాషలోనే మాట్లాడుకోండి, గట్టిగా" అన్నాడు. ఇంకేం, మావారు బ్యాంకు యూనియన్ కబుర్లు మొదలుపెట్టారు. ఆ దరిదాపుల్లో ఎలుగు ఉంటే ఒట్టు.

ఎలుగుని చూసింది మర్నాడు, పడవలోంచి. వాగు మూతి దగ్గర నిలబడి ఉంది. జూలై చివర, సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి వాగుల్లోకి ఎక్కే కాలం. ఒక చేపని పట్టింది, కాలి కింద తొక్కిపెట్టింది. చర్మం లాగి తినేసింది, తల కొరికింది, పొట్ట చీల్చి గుడ్లు నాకేసింది, మిగతా చేపని వదిలేసి ఇంకోదాని మీదికి వెళ్లిపోయింది. చేపలు దండిగా ఉన్నప్పుడు అంతే, కొవ్వున్న ముక్కలే తింటుంది. వదిలేసిందాన్ని కాకులూ గద్దలూ తింటాయి, పురుగులు తింటాయి, చివరికి మట్టిలో కలుస్తుంది. చాలాసార్లు చేపని చెట్ల మధ్యకి లాక్కెళ్లి తింటుంది. వాగుల పక్కనున్న స్ప్రూస్ చెట్లని పరీక్షిస్తే వాటిలో సముద్రం నుంచి వచ్చిన నైట్రోజన్ దొరికింది. సముద్రంలో తిరిగిన చేప, ఎలుగు పంజా మీదుగా చెట్టు కాండంలోకి! ఇందాకటి ఆల్డర్ గాలి నుంచి తెస్తుంది, ఇక్కడ ఎలుగు సముద్రం నుంచి తెస్తోంది. రెండూ ఒకే సరుకు.

బట్టతల గద్దల్ని త్వరగా చెప్పేస్తాను. అమెరికా జాతీయ చిహ్నం, అందరికీ తెలుసు. కానీ అలాస్కాలో 1917 నుంచి 1953 దాకా గద్ద కాళ్లు తెచ్చిచ్చినవాళ్లకి ప్రభుత్వం డబ్బులిచ్చేది. సాల్మన్‌ని తినేస్తున్నాయని. లక్షకు పైగా చంపారు. ఇప్పుడు ప్రతి రెండో చెట్టు మీదా ఒకటి కూర్చుని ఉంటుంది.

నీటికుక్కలు మన కోరింగ మడ అడవుల్లోనూ ఉన్నాయి, చూసినవాళ్లు చూసే ఉంటారు. అక్కడివి సముద్రపు నీటికుక్కలు, వెల్లకిలా తేలుతూ పొట్ట మీద పెట్టుకుని పీతల్ని తింటాయి. చర్మం కింద కొవ్వు ఉండదు, బొచ్చే దుప్పటి. చదరపు అంగుళంలో 10 లక్షల దాకా వెంట్రుకలు. ఆ బొచ్చు కోసమే రష్యన్లూ తర్వాత వచ్చినవాళ్లూ ఆగ్నేయ అలాస్కాలో ఒక్కటీ మిగల్చలేదు. 1960లలో వేరేచోట్ల నుంచి సుమారు 400 తెచ్చి వదిలారు. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. మా పీతలు మిగలట్లేదని జాలర్లు మొత్తుకుంటున్నారు. అదీ నిజమే.

ఇంకొక్క సంగతి చెప్పి ప్రశ్నలకి వస్తాను. అంత మంచు బరువు మీద ఉన్నన్నాళ్లూ నేల కిందికి అణగి ఉంది. బరువు పోయింది. ఇప్పుడు నేల పైకి లేస్తోంది. గ్లేసియర్ బే పక్కన గస్టేవస్ అనే ఊళ్లో ఏడాదికి సుమారు 3 సెంటీమీటర్లు. సముద్రం వెనక్కి పోగా బయటపడ్డ నేల మీద ఒకాయన గోల్ఫ్ మైదానం వేశాడు. మన ఉప్పాడలో ఏమవుతోంది? ఇళ్లు, గుడులు, రోడ్డు, అన్నీ సముద్రంలోకి పోతున్నాయి. ఎక్కడో మంచు కరిగితే సముద్రమట్టం పెరుగుతుందని మనకి చెబుతారు. కరిగిన చోటనే ఊరు పైకి లేస్తోంది! ఉప్పాడ కోతకి ఇంకా చాలా కారణాలున్నాయి, అదంతా మంచు మీదికి తోసెయ్యను. కానీ ఆ ఊళ్లో నిలబడి నాకు గుర్తొచ్చింది మాత్రం మన ఉప్పాడ రోడ్డే.

ఇక అడగండి.

మోకాళ్ల సంగతా? మంచి ప్రశ్న. నడకలు రెండు మూడు రకాలుగా పెడతారు, తేలికది ఎంచుకోవచ్చు. కానీ రబ్బరు పడవలోకి దిగడం ఎక్కడం తప్పదు. అది చెయ్యలేమనుకుంటే పెద్ద ఓడే నయం, డెక్ మీద కుర్చీ వేసుకుని ఒడ్డంతా చూడొచ్చు. మే నుంచి సెప్టెంబరు దాకా కాలం. మేం వెళ్లినప్పుడు పగలు 15 డిగ్రీలు ఉండేది, మంచు దగ్గర ఇంకా చలి. స్వెటర్ కంటే వాన కోటు ముఖ్యం.

వీసా. ఇది జాగ్రత్తగా వినండి. సియాటెల్‌లో ఎక్కి సియాటెల్‌లోనే దిగే పెద్ద ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండా ఉన్నవే. 1886 నాటి చట్టం ప్రకారం అవి మధ్యలో ఒక విదేశీ రేవులో ఆగాలి. అందుకని కెనడాలో విక్టోరియా దగ్గర ఆగుతాయి. మన పాస్‌పోర్టుతో విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లకి కెనడా వీసా కూడా ఉండాలి. మీరు ఆ రేవులో దిగకపోయినా సరే. లేకపోతే ఓడే ఎక్కనివ్వరు. మేం జూనోలో ఎక్కి అలాస్కాలోనే తిరిగిన ఓడ కాబట్టి ఆ అవసరం రాలేదు. కాగితాలు ఏమేం కావాలి, ఎన్ని నెలల ముందు మొదలుపెట్టాలి అన్నది మావారిని అడగండి. ఫైలంతా ఆయన దగ్గరే ఉంది, ఇవాళ సంచిలో పెట్టుకునే వచ్చారు.